సెకనుకి యాభై బొమ్మలు: హుద్‌హుద్ ఫుటేజీ మీద క్యూటీజీఎంసీ వాడి చూశాను

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మర బోటు నడిపే సరంగుగారు నా ల్యాప్‌టాప్ మీదకి వంగి, కళ్ళు చికిలించి కాసేపు చూసి, "ఏటి బాబూ, నా బోటుకి దువ్వెన పళ్ళు మొలిచీసినాయి?" అనడిగారు.

అది 2024 మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. మనుషులు వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా దొరుకుతారు. అందుకే షూటింగ్ అప్పుడు పెట్టుకున్నాం. ఆయనకి నేను చూపిస్తున్నది 2014 అక్టోబర్ 11 సాయంత్రం, హుద్‌హుద్ తుపాను తీరం దాటడానికి ముందు రోజు, అదే జెట్టీ మీద నుంచి నేనే తీసిన షాట్. అలలకి ఆయన బోటు ఊగుతోంది. ఊగిన ప్రతిసారీ దాని అంచు అడ్డగీతలుగా చీలిపోతోంది. మా మిక్సింగ్ వాళ్ళం దాన్ని "లైన్లొచ్చాయి" అంటాం. దువ్వెన పళ్ళన్న మాట అంతకంటే సరిగ్గా ఉంది. ఆ బోటు తుపాను తర్వాత లేదు. ఆయన దగ్గర దాని ఫొటో కూడా లేదు. కాబట్టి ఆ గీతలు నాకు సాంకేతిక లోపంలా అనిపించలేదు, ఆయన ముందు సిగ్గనిపించింది.

ఆ గీతల్ని పోగొట్టడానికి నేను వాడిన పనిముట్టు పేరు క్యూటీజీఎంసీ. ఉచితం. మూడు నెలలు దాంతోనే కూర్చున్నాను. మన వైపు పెళ్ళి వీడియోలవాళ్ళ దగ్గర, లోకల్ చానళ్ళవాళ్ళ దగ్గర పాత క్యాసెట్లూ కార్డులూ బీరువాల నిండా ఉన్నాయి. వాటిని ఇవాళ్టి 4కే కెమెరా ఫుటేజీతో కలిపి టీవీకి ఇవ్వాల్సి వచ్చినవాళ్ళకి పనికొస్తుందని ఇది వివరంగా రాస్తున్నాను.

పని ఏమిటంటే, హార్బర్ మీద అరగంట డాక్యుమెంటరీ. హుద్‌హుద్‌కి పదేళ్ళు నిండే అక్టోబర్‌లో వేస్తామని ఒక తెలుగు చానల్ ఒప్పుకుంది. నా చేతిలో ఉన్న సరుకు నాలుగు రకాలు. మొదటిది 2014లో క్యామ్‌కార్డర్ మీద తీసిన ఏవీసీహెచ్‌డీ ఫైళ్ళు, 1080ఐ 50 (1080 గీతలు, సెకనుకి 50 సగం బొమ్మలు; ఐ అంటే ఇంటర్లేస్డ్, అదేమిటో కిందే చెప్తాను). రెండోది 2004లో హార్బర్‌లో తీసిన రెండు మినీ డీవీ క్యాసెట్లు, మన పాత టీవీ పద్ధతి పాల్‌లో, 720 అడ్డం 576 నిలువు, అదీ ఇంటర్లేస్డే. మూడోది మే నెలలో మిర్రర్‌లెస్ కెమెరాతో తీసిన 4కే 25పీ (సెకనుకి 25 నిండు ఫ్రేములు). నాలుగోది తుపాను మర్నాడు ఎవరెవరో ఫోన్లలో తీసి ఇచ్చిన 30 ఫ్రేముల వీడియోలు. (నేవీ ఉన్న ఊరు, డ్రోన్ ఆలోచనే పెట్టుకోలేదు.) చానల్ వాళ్ళు పంపిన కాగితంలో అడిగినదొక్కటే రూపం: 1080ఐ 50, అప్పర్ ఫీల్డ్ ఫస్ట్, ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ 422 అనే ప్రసార ఫార్మాట్, సెకనుకి 50 మెగాబిట్లు, ఎంఎక్స్‌ఎఫ్ ఫైలు. శబ్దం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినికిడి స్థాయికి కొలత).

ఇంటర్లేస్ అంటే పాతది, పాడైపోయిన వీడియో అని కొత్తగా వచ్చిన పిల్లలు అనుకుంటున్నారు. నాకది బాధగా ఉంటుంది. అది పాడైన బొమ్మ కాదు. కెమెరా ముందు 1, 3, 5, 7 గీతలు తీస్తుంది. సెకనులో యాభయ్యో వంతు గడిచాక 2, 4, 6, 8 గీతలు తీస్తుంది. ఒక్కో సగాన్నీ ఫీల్డు అంటారు. ఆ రెండు సగాల మధ్య అల కదిలింది, బోటు కదిలింది, మనిషి రెప్ప వాల్చాడు. అంటే సెకనుకి 25 బొమ్మలున్నాయని ఫైలు చెప్పినా, లోపల 50 వేర్వేరు క్షణాలున్నాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి మన టీవీ కూడా 50 సగాల లెక్కన నడిచింది. సెకనుకి 25 సార్లే వెలిగితే పిక్చర్ ట్యూబు కళ్ళకి మినుకుమినుకుమంటుంది. యాభై నిండు బొమ్మలు పంపాలంటే ప్రసారంలో అంత జాగా లేదు. సగం సగంగా పంపడం ఆ రెంటి మధ్య కుదిరిన ఏర్పాటు. ట్యూబు టీవీ ఆ సగాల్ని ఒకదాని తర్వాత ఒకటి గీస్తుంది కాబట్టి గీతలు ఎప్పుడూ కనపడలేదు. కంప్యూటర్ రెండు సగాల్నీ ఒకేసారి పక్కపక్కన పెడుతుంది కాబట్టి దువ్వెన పళ్ళు కనిపిస్తున్నాయి. సరంగుగారు చూసింది అదే.

నేను మొదట చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే అదే తప్పు నా చుట్టూ చాలామంది చేస్తున్నారు. 4కే 25పీ టైమ్‌లైన్ తెరిచి, 2014 క్లిప్పుల్ని దాంట్లో పడేసి, ఫ్రేముకి సరిపోయేలా పెంచేశాను. చివర్లో 1080ఐ అని రెండర్ కొట్టాను. చానల్ క్యూసీ (నాణ్యత తనిఖీ) నుంచి తిరిగొచ్చింది: ఫీల్డ్ లోపాలు, 37 చోట్ల. వాళ్ళు చెప్పింది నిజం. ఇంటర్లేస్డ్ బొమ్మని గీతలు విడదీయకుండా నిలువునా సాగదీస్తే బేసి గీతలూ సరి గీతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత మళ్ళీ 1080కి కుదించినా అవి విడిపోవు. ఏ గీత ఏ క్షణానిదో చెప్పే ఆనవాలు పోతుంది. దువ్వెన పళ్ళు ఇక బొమ్మలో భాగమైపోతాయి. మూల ఫైలు దగ్గరుంది కాబట్టి సరిపోయింది. అలా రెండర్ చేసేసి కార్డులు చెరిపేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అప్పుడు క్యూటీజీఎంసీ వైపు వెళ్ళాను. ఇదొక విడి సాఫ్ట్‌వేర్ కాదు, ఏవీసింథ్ అనే ఉచిత పరికరం మీద నడిచే స్క్రిప్టు. డిడే అన్న మారుపేరుతో ఉన్న ఒకాయన రాసిన టెంప్‌గాస్‌ఎంసీని విట్ అన్న మరొకాయన పదును పెట్టి, వేగం పెంచి, దీన్ని చేశారు. ఏవీసింథ్ లాంటిదే అయిన వేపర్‌సింథ్‌లోకీ ఇది వచ్చింది. క్యూటీజీఎంసీని నేరుగా వాడాలంటే నాలుగైదు ప్లగిన్లు వెతికి కూర్చుకోవాలి. ఒక ఆదివారమంతా దానికే పోయింది, ఒక్కటి తక్కువైనా ఎర్ర అక్షరాలే. రాత్రి మా అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, ఆ నల్ల కిటికీతో ఎందుకు నీకు, హైబ్రిడ్ దించుకో, అందులో అన్నీ కలిపే ఉంటాయి" అన్నాడు. హైబ్రిడ్ కూడా ఉచితమే. బటన్లు మరీ ఎక్కువ, చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా ప్లగిన్ల బాధ లేదు. స్క్రిప్టు రాయడం అలవాటు లేనివాళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అది చేసే పని నాకు అర్థమైనంతలో చెప్తాను. మామూలు డీఇంటర్లేస్ (సగాల్ని నిండు ఫ్రేములుగా మార్చడం) ఏం చేస్తుందంటే, ఒక సగాన్ని పారేసి మిగిలిన సగాన్ని సాగదీస్తుంది, లేదా రెండు సగాల్నీ కలిపి మసక చేస్తుంది. కాస్త తెలివైనవి కదలని చోట రెండు సగాల్నీ ఉంచి, కదిలిన చోట మాత్రమే లేని గీతల్ని ఊహిస్తాయి. క్యూటీజీఎంసీ ముందు వెనక ఫీల్డుల్లోకి తొంగిచూస్తుంది. బోటు అంచు ఈ క్షణంలో ఇక్కడుంటే, ముందు క్షణంలో ఎక్కడుంది, తర్వాత ఎక్కడికి పోయింది అని కదలికని వెంబడిస్తుంది. ఈ సగంలో లేని గీత పక్క క్షణాల్లో దొరికితే అక్కణ్ణుంచి తెచ్చి కూరుస్తుంది. దానివల్ల సన్నటి అంచులు వణకడం ఆగిపోతుంది. అన్నిటికంటే నాకు ముఖ్యమైనది, మామూలుగా వదిలేస్తే అది 25 ఫ్రేములు ఇవ్వదు, 50 నిండు ఫ్రేములిస్తుంది. ఉన్న యాభై క్షణాల్లో ఒక్కటీ పారేయదు.

పరీక్షకి సముద్రాన్నే పెట్టాను. సరంగుగారి బోటు షాట్ 14 సెకన్లు. అందులో నురగ ఉంది, తాళ్ళున్నాయి, బోటు అంచుంది, వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ కదలకుండా నిలబడి ఉంది. డీఇంటర్లేస్ పనితనం తేలాలంటే ఇంతకంటే కష్టమైన బొమ్మ దొరకదు. నురగకి అంచంటూ ఉండదు, ప్రతి ఫీల్డులోనూ కొత్త ఆకారమే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో మామూలుగా దొరికే డీఇంటర్లేస్ మీట నొక్కితే నురగ మెట్లు మెట్లుగా అయింది, తాళ్ళు తెగి తెగి కనపడ్డాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో పరికరంలోని యాడిఫ్ అనే డీఇంటర్లేస్ ఫిల్టర్‌ని ఫీల్డుకో ఫ్రేము ఇచ్చేలా పెట్టి చూశాను. చాలా వేగం, నురగ బాగానే ఉంది, కానీ ఏటవాలు తాళ్ళ మీద రంపపు పళ్ళు మిగిలాయి. దాని తర్వాతి తరం బీడబ్ల్యూడిఫ్ ఇంకాస్త నయం. బీబీసీ పరిశోధన విభాగంలో మార్టిన్ వెస్టన్ చేసిన లెక్క దాని లోపల ఉంది, టీవీ మనుషులు ఆలోచించి చేసిన పని అని తెలుస్తూనే ఉంటుంది. వార్తల వాళ్ళకి, గంటలో బులెటిన్ వెళ్ళిపోవాల్సిన వాళ్ళకి, బీడబ్ల్యూడిఫ్ చాలని నా అభిప్రాయం.

క్యూటీజీఎంసీని స్లోవర్ ప్రీసెట్ (ముందే అమర్చి ఉంచిన సెట్టింగుల్లో నెమ్మదైనది ఒకటి) మీద పెట్టిన ఫలితం చూసి కుర్చీలోంచి లేచాను. తాడు తాడులా ఉంది. కొండ మీద లైట్‌హౌస్ నిశ్చలంగా ఉంది. బోటు పక్క పలక మీద తెల్ల రంగుతో రాసిన నంబరు, మొదటి రెండు అంకెలు చదవగలిగాను. మూల ఫైల్లో ఆ అంకెలు ఊగినప్పుడల్లా చీలిపోయేవి. పదేళ్ళుగా నా హార్డ్ డిస్కులో ఉన్న బొమ్మలో ఆ అంకెలున్నాయని నాకే తెలియదు.

అయితే రెండో పరీక్షలో దెబ్బ తగిలింది. అక్టోబర్ 12న పెదవాల్తేరులో మా మేడ కిటికీ లోంచి తీసిన షాట్ ఒకటుంది. కొబ్బరి చెట్లు నేలకి వంగిపోతున్నాయి, వాన అడ్డంగా కొడుతోంది. అదే ప్రీసెట్ మీద పెట్టాను. గీతలు పోయాయి. వాన కూడా పోయింది. పూర్తిగా కాదు, సగం పైగా. గాలి ఉంది, చెట్లు విరుగుతున్నాయి, ఆకాశం మాత్రం జల్లు పడుతున్నట్టుంది. కారణం ఆలోచిస్తే న్యాయమే. పక్క ఫీల్డుల్లో కనపడనిదాన్ని ఈ స్క్రిప్టు గొడవగా, నాయిస్‌గా భావించి నునుపు చేస్తుంది. వాన చినుకు ఒక్క ఫీల్డులోనే ఉంటుంది, తర్వాతి క్షణానికి అది అక్కడుండదు. యంత్రం దృష్టిలో హుద్‌హుద్ వాన ఒక మచ్చ. ఆ రోజు ఇంట్లో తలుపుకి మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఆ వానని చిన్నది చేసి టీవీలో చూపించలేను.

రెండు రాత్రులు మీటలు తిప్పాక దారి దొరికింది. చివర్లో జరిగే కాలపు నునుపుని, అంటే టీఆర్2 అనే అంకెని, సున్నా చేశాను. సోర్స్‌మ్యాచ్ 3కి పెంచాను. దాంతో స్క్రిప్టు తను కట్టిన బొమ్మని మళ్ళీ మూలంతో పోల్చుకుని దగ్గరికి తెచ్చుకుంటుంది. మూలంలోని గీతల్ని ఉన్నవున్నట్టు తిరిగి కూర్చే లాస్‌లెస్ అనే మీట కూడా ఉంది, అదీ వేశాను. వాన తిరిగొచ్చింది. కొబ్బరాకుల చివర్లలో కొద్దిగా చీలికలు కూడా వచ్చాయి, వాటిని భరించాను. కాబట్టి స్లోవర్ అని పెట్టేసి అన్ని క్లిప్పుల్నీ ఒకేసారి తోసేయకండి. వాన, నురగ, నిప్పురవ్వలు, పెళ్ళిలో తలంబ్రాలు, ఇలా క్షణంలో పుట్టి పోయేవి ఉన్న షాట్లని విడిగా చూసుకోవాలి. తలంబ్రాల సంగతి ఊహించి చెప్పట్లేదు. ఒక పాత పెళ్ళి క్లిప్పు మీద చేసి చూశాను, పైకెగిరిన బియ్యపు గింజలు పల్చబడ్డాయి.

దీని అసలు సత్తా తెలిసింది 2004 క్యాసెట్ల మీద. డీవీ బొమ్మని 1080కి పెంచక తప్పదు, పెంచే ముందు గీతలు విడదీయక తప్పదు. ఇక్కడ ఒక పీటముడి ఉంది. హెచ్‌డీలో పై గీత ముందు, అంటే అప్పర్ ఫీల్డ్ ఫస్ట్. పాల్ డీవీలో కింది గీత ముందు. ఇది తెలియక తప్పుగా చెప్తే బోటు ముందుకి మూడడుగులు, వెనక్కి ఒకడుగు వేస్తూ వణుకుతుంది. క్యూటీజీఎంసీ దీన్ని తనంతట తాను కనిపెట్టదు, మనమే చెప్పాలి. ఏవీసింథ్ అయితే చెప్పకపోతే కింది గీతే ముందనుకుంటుంది. అందుకే డీవీకి అదృష్టవశాత్తు సరిపోయి, హెచ్‌డీకి వచ్చేసరికి తప్పుతుంది. నేను ప్రతి క్లిప్పునీ ముందు ఫీల్డులుగా విడదీసి, బాణం మీట నొక్కుతూ ఒక్కొక్కటే చూశాను. నడిచే మనిషి ప్రతి నొక్కుకీ ముందుకే వెళ్ళాలి. ఒక్కసారి వెనక్కి వెళ్ళినా లెక్క తప్పిందన్నమాట. క్లిప్పుకి అర నిమిషం పట్టే పని, దీన్ని ఎప్పుడూ వదిలేయకండి.

సరిగ్గా చెప్పాక, 576 గీతల క్యాసెట్ బొమ్మ 1440 అడ్డం 1080 నిలువుగా పెరిగి, రెండు పక్కలా నల్ల జాగాతో కూర్చుంది. చేపల వేలం దగ్గర తట్టలెత్తుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనకాల పాత జెట్టీ. ముఖాలు ముఖాల్లాగే ఉన్నాయి. డబ్బిచ్చి కొనే ఏఐ పద్ధతి ఒకటి కూడా ఇదే షాట్ మీద చూశాను. అది అంచుల్ని ఇంకా పదును చేసింది, కానీ ముఖాలకి మైనం పూసినట్టయింది. దూరంగా ఉన్న ఒకావిడకి ఆవిడది కాని కన్ను గీసింది. క్యూటీజీఎంసీ కొత్త ముఖాల్ని కల్పించదు, లేని గీతల్ని చుట్టూ ఉన్న గీతల నుంచీ పక్క క్షణాల నుంచీ కట్టుకుంటుంది. డాక్యుమెంటరీ తీసేవాడికి ఆ తేడా చాలా పెద్దది.

ఇప్పుడు అసలు మాట. ఇంత మెచ్చుకున్నాను కదా, మరి నా అరగంటలో 2014 ఫుటేజీ ఎంత క్యూటీజీఎంసీ గుండా వెళ్ళిందంటే, సగం కూడా లేదు. చానల్ అడిగింది 1080ఐ 50, ఆ క్లిప్పు పుట్టింది 1080ఐ 50లోనే. సైజు మార్చకుండా, జూమ్ చేయకుండా, స్లో మోషన్ వేయకుండా వాడుతుంటే దాన్ని విప్పి మళ్ళీ కట్టడమెందుకు? ఉన్నదున్నట్టు పంపడాన్ని మించిన నాణ్యత ఏ స్క్రిప్టూ ఇవ్వదు. కాబట్టి రెండోసారి టైమ్‌లైన్‌నే 1080ఐ 50, అప్పర్ ఫీల్డ్‌గా తెరిచాను. కదపని క్లిప్పులు నేరుగా వెళ్ళాయి. కొంచెం పెంచాల్సినవి, వంకర సరిచేయాల్సినవి, నెమ్మది చేయాల్సినవి, డీవీ మొత్తం, ఇవి మాత్రమే ముందు 50పీగా మారి, ఆ తర్వాత టైమ్‌లైన్ మీదకి వచ్చాయి. 50పీ నుంచి 50ఐకి తిరిగి కట్టడం తేలిక. మొదటి ఫ్రేము నుంచి బేసి గీతలు, తర్వాతి ఫ్రేము నుంచి సరి గీతలు తీసుకుంటే యాభై క్షణాలూ మళ్ళీ వాటి వాటి స్థానంలో ఉంటాయి.

సగంసగం డీఇంటర్లేస్ చేసి 25పీగా మార్చి, దాన్ని మళ్ళీ 50ఐగా పంపేవాళ్ళని చూస్తున్నాను. రెండర్ తొందరగా అవుతుంది, ఫైలు చిన్నదవుతుంది, గీతలూ ఉండవు. కానీ సెకనుకి 25 క్షణాలు చెత్తబుట్టలోకి వెళ్ళాయి. అల ఎగిరి జెట్టీని కొట్టే షాట్‌ని రెండు రకాలుగానూ చేసి పక్కపక్కన చూశాను. యాభైలో నీళ్ళ బరువు తెలుస్తుంది. ఇరవై అయిదులో అదే అల కాగితంలా లేచి పడుతుంది.

కొత్తగా తీసిన 25పీ విషయం వేరు. అది 1080ఐ టైమ్‌లైన్‌లో ఇబ్బంది పెట్టదు, ఒకే క్షణం రెండు సగాలుగా వెళ్తుంది అంతే. గీతలు రావు. కాకపోతే పాత షాట్ నుంచి కొత్త షాట్‌కి కట్ అయినప్పుడు కదలిక మారుతుంది. పాతది టీవీ వార్తలా జారుతుంది, కొత్తది సినిమాలా నిలుస్తుంది. కొందరు ఆ తేడాని పోగొట్టడానికి పాతదాన్నే 25కి దించుతారు. నేను దించలేదు. తుపాను రోజు నీళ్ళు జారితేనే నిజంగా ఉంది. మేలో షూటింగ్‌కి వెళ్ళేటప్పుడే 50పీలో తీసి ఉంటే కట్ తెలిసేదే కాదు, అది నేను ముందు ఆలోచించాల్సింది. పాత ఇంటర్లేస్డ్ సరుకుతో కలపబోతున్నామని తెలిస్తే కెమెరాని 50పీలో పెట్టుకోండి. షటర్‌ని కూడా పాత ఫుటేజీలో ఉన్నదానికి దగ్గరగా పెడితే కదలిక కలుస్తుంది.

25పీతో అసలు తలనొప్పి వలలు తెచ్చాయి. నిషేధం రోజుల్లో హార్బర్‌లో ఎటు చూసినా వలలే, నీలం, ఆకుపచ్చ, కుప్పలు కుప్పలు. 4కేలో ప్రతి కన్నూ స్పష్టంగా ఉంది, కంప్యూటర్లో ముచ్చటగా ఉంది. 1080ఐగా చేసి నా పాత ట్యూబు టీవీకి తీగ కలిపి చూస్తే వల మొత్తం చీమలు పాకినట్టు మినుకుతోంది. ఒక గీత మందం ఉన్న దారం బేసి ఫీల్డులో ఉంటుంది, సరి ఫీల్డులో ఉండదు. అందుకని సెకనుకి ఇరవై అయిదు సార్లు వెలిగి ఆరుతుంది. సన్నటి టైటిళ్ళకీ ఇదే జబ్బు, "త" మీది తలకట్టు ముందు మెరుస్తుంది. క్యూటీజీఎంసీ ఇక్కడ పనికిరాదు, ఇది డీఇంటర్లేస్ సమస్య కాదు. నిలువుగా మాత్రమే చిన్న మసక వేయాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని ఇంటర్లేస్ ఫిల్టర్లో లోపాస్ అని ఉంటుంది, సరిగ్గా దానికోసమే. కంప్యూటర్ తెర మీద బొమ్మ కొంచెం మెత్తబడినట్టుంటుంది, ఆ షాట్లు తీసిన కుర్రాడు బాధపడ్డాడు. టీవీ ముందు కూర్చోబెట్టి చూపించాక ఒప్పుకున్నాడు. ఆ ట్యూబు టీవీని ఇంట్లో వాళ్ళు మూడుసార్లు పాత సామాన్లవాడికి ఇచ్చేయబోయారు. ఇంటర్లేస్డ్ పని చేసేవాళ్ళు దాన్ని మాత్రం ఇవ్వకండి. కొత్త ఎల్‌సీడీ టీవీ తనే లోపల డీఇంటర్లేస్ చేసుకుని మన తప్పుల్ని కప్పేస్తుంది.

రంగు గురించి ఒక్క మాట. 2014 క్లిప్పుల్లో బోట్ల మీద ఎర్ర జెండాల అంచులు మెట్లు మెట్లుగా వచ్చాయి, గీతలన్నీ పోయాక కూడా. 4:2:0 లో (వెలుగు కంటే రంగుని తక్కువ వివరంతో దాచే పద్ధతి) ఇంటర్లేస్డ్ రంగుని ఫీల్డుకి విడిగా దాస్తారు. మార్చేటప్పుడు ప్రోగ్రెసివ్, అంటే నిండు ఫ్రేములు, అనుకుంటే రెండు క్షణాల ఎరుపు కలిసిపోతుంది. రంగు మార్చే దశలో ఇంటర్లేస్డ్ అని చెప్పాక సరిపోయింది. పెళ్ళి వీడియోల్లో ఎర్ర పట్టుచీర అంచు చూస్తే వెంటనే పట్టుబడుతుంది.

సమయం: నాది ఆరు కోర్ల పాత కంప్యూటర్. స్లోవర్ మీద 1080ఐ నిమిషానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. నేను మార్చాల్సింది మొత్తం 41 నిమిషాలు, అంటే ఐదు గంటల పైన. వాన షాట్లకి ఇంకా ఎక్కువ. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అవుతుంది. ప్లేసీబో అనే ప్రీసెట్ కూడా ఉంది, దాని జోలికి వెళ్ళకండి, నా కంటికి తేడా కనపడలేదు. డ్రాఫ్ట్ అనే అన్నిటికంటే వేగమైన ప్రీసెట్ మీద చూసి నచ్చలేదని వదిలేయనూ వద్దు. ఎడిటింగ్ చేస్తూ చేస్తూ అక్కడికక్కడ వేసుకునే సదుపాయం కావాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. క్లిప్పు బయటికి తీయాలి, మార్చాలి, మళ్ళీ తేవాలి. ఫైళ్ళు పెద్దవవుతాయి, హార్డ్ డిస్కు చూసుకోండి.

రెండోసారి పంపినప్పుడు క్యూసీ దాటింది. అక్టోబర్‌లో ప్రసారమైంది. అంతకంటే ముందే, ఆగస్టులో, ఫైలు పట్టుకుని హార్బర్‌కి వెళ్ళాను. సరంగుగారు వేట నుంచి వచ్చి ఐసు దించుతున్నారు. చేతులు తుడుచుకుని వచ్చి చూశారు. షాట్ ఆపమన్నారు. తెర మీద వేలు పెట్టి నంబరులో మొదటి రెండు అంకెలు చదివి, మిగిలినవి చూడకుండానే చెప్పారు. "అదే బాబూ, అదే" అన్నారు. ఆ ఒక్క ఫ్రేముని పెద్ద ఫొటోగా వేయించి ఇచ్చాను. 50పీలో నిండు ఫ్రేము ఉంది కాబట్టి అది కుదిరింది.

ఫోన్ వీడియోల లెక్క మాత్రం ఇంకా తేలలేదు. ఫ్రేముల వేగం నిలకడగా లేని ఫైళ్ళవి. నికరంగా 30కి తెచ్చి 50ఐ టైమ్‌లైన్ మీద పెట్టాను. కొన్ని ఫ్రేములకి రెండు ఫీల్డులు, కొన్నిటికి ఒకటి పడుతున్నాయి. 25పీలో కంటే కుదుపు తక్కువే, కానీ పక్కకి తిప్పినప్పుడు తెలుస్తుంది. వాటిలో విమానాశ్రయం కప్పు ఎగిరిపోయాక ఎవరో నడుస్తూ తీసిన 11 సెకన్ల షాట్ ఒకటుంది. దానికి ఏదీ కుదరక అలాగే వాడాను.